నల్లగుడ్డ కట్టిన తాళంచెవి

మా వంటింట్లో సింకు పక్కనున్న ప్రెస్ తలుపు తెరిస్తే లోపలివైపు పదకొండు తాళంచెవులు వేలాడుతుంటాయి. ఇక్కడి ఐరిష్‌వాళ్లు అల్మారాను ప్రెస్ అంటారు. కొత్తవాళ్లెవరైనా మంచినీళ్ల గ్లాసు కోసమని ఆ తలుపు తీస్తే, జైలు అధికారి ఇంటికి భోజనానికి వచ్చామేమోనని ఒక నిమిషం తడబడి, ఆ తర్వాత నాతో చాలా మర్యాదగా మాట్లాడతారు.

సంగతేమిటంటే, జూలై వచ్చి బళ్లకు సెలవులివ్వగానే పోర్ట్‌లీష్‌లోని తెలుగువాళ్లు పక్షుల్లాగా లేచి ఇండియాకు వెళ్లిపోతారు. వెళ్లేముందు ఒక్కొక్కరూ వచ్చి ఇంటి తాళంచెవి నా చేతిలో పెడతారు. ఉత్తరాలు ఏరిపెట్టడం, చెత్తడబ్బాలు వారం తప్పకుండా బయటికి తొయ్యడం, కిటికీలో పెంచుకునే కరివేపాకు మొక్కకు నీళ్లు పొయ్యడం నా విధులు. ఇక్కడి కరివేపాకు మొక్క మామూలు మొక్క కాదు. కాన్పు కష్టమై పుట్టిన బిడ్డ. ఎన్ని ఆకులున్నాయో తల్లులకు లెక్క ఉంటుంది. ఒక ఆకు రాలితే గుంటూరు నుంచి వీడియో కాల్‌లో కన్నీళ్లు వస్తాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇమ్మర్షన్ ఒక ఎత్తు. నీళ్లు కాచే మీట అది. ఈ దేశస్థులకు ఆ మీట ఆపకుండా బయటికి వెళ్లడమంటే మహాపాపం. మనవాళ్లకు పౌరసత్వం అయిదేళ్లకు వస్తే ఆ భయం ఆర్నెల్లకే వస్తుంది.

"అక్కా, ఎయిర్‌పోర్టులో ఉన్నాం. ఇమ్మర్షన్ ఆపానో లేదో గుర్తు రావట్లేదు."

"ఆపావు తల్లీ."

"చూశావా?"

"నువ్వు ఆపకుండా వెళ్లే మనిషివా?"

"వీడియోలో మీట చూపించక్కా, ప్లీజ్. విమానం ఎక్కలేకపోతున్నా."

అలా పదిళ్ల మధ్య నేను గొడుగు వేసుకుని తిరుగుతుంటే మా అమ్మాయి అచ్చం ఈ ఊరి యాసలో, "మామ్, ద గార్డ్స్ విల్ లిఫ్ట్ యూ," అంటుంది. దొంగనుకుని పోలీసులు నన్ను ఎత్తుకుపోతారట. తెలుగు అంతా అర్థమవుతుంది దానికి. జవాబు మాత్రం లీష్ జిల్లా గడ్డ మీద మొలిచిన ఇంగ్లీషులో ఇస్తుంది.

పోయిన వారం పక్కింటి పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటిన ఐరిష్ మనిషి. పుట్టింది ఇక్కడికి రెండు మైళ్లలో. తొమ్మిదిమంది తోబుట్టువులు ఓడలెక్కి తలో దేశం పట్టిపోతే ఈవిడ ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఇద్దరు కొడుకులూ ఆస్ట్రేలియాలో ఉన్నారు. మూడు నెలలు వాళ్ల దగ్గరికి వెళుతూ, పచ్చ రిబ్బను కట్టిన తాళంచెవి తెచ్చి మా బల్ల మీద పెట్టింది.

"మీకిక్కడ చుట్టాలూ పక్కాలూ ఉంటారు కదా, నాకెందుకూ?" అన్నాను.

"ఎవరున్నారమ్మా? ఎప్పుడూ ఇక్కడే ఉండేదానివి నువ్వే కదా," అంది.

నేను టీ కప్పు కింద పెట్టాను. ఏడు సముద్రాలు దాటి వచ్చినదాన్ని నేను. ఆ మాట ఈ ఊళ్లో పుట్టిన మనిషి నాతో అంటోంది. సరిగ్గా ఇదే మాట మా ఊళ్లో అందరూ మా అవ్వతో అనేవాళ్లు.

పన్నెండో కొక్కెం బిగించి పచ్చ రిబ్బను తగిలిస్తుంటే పెద్దావిడ చూపు దాని పక్క కొక్కెం మీద పడింది. దానికి నల్లగుడ్డ కట్టిన పెద్ద ఇనప తాళంచెవి ఉంటుంది. జానెడు పొడుగు. దానితో తియ్యదగిన తలుపు ఈ దేశంలో ఏ పాత కోటకైనా ఉంటే ఉండాలి.

"అదెవరిది?"

"చిన్నప్పటి స్నేహితురాలిది."

"ఎప్పుడొచ్చి తీసుకుంటుంది?"

నేను లేచి మళ్లీ టీ పెట్టాను. ఈ దేశంలో అది కూడా ఒక జవాబే.

*

మా ఊరు పాలమూరు వైపు. మా నేలలో రాళ్లు బాగా పండేవి. ఏటా దున్నేవాళ్లం, ఏటా కొత్త రాళ్లు వచ్చేవి. ఎరువు అడిగేవి కావు, పురుగు పట్టేది కాదు. జొన్నలు మాత్రం వాన పడ్డ ఏడు పండేవి, లేనేడు లేదు. అందుకని దసరా వెళ్లగానే, కూలీలను పోగుచేసే గుంపు మేస్త్రి లారీ ఊళ్లోకి వచ్చేది. కట్టలు, కాలువలు ఎక్కడ కడుతుంటే అక్కడికి మా జనాన్ని తీసుకుపోయేది. దేశంలో ఉన్న డ్యాములన్నీ మా ఊరివాళ్లే కట్టారని నా నమ్మకం. ఒక్క చుక్క నీళ్లు మాత్రం మా ఊరికి వచ్చేవి కావు.

లారీ వచ్చిన రోజు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. డీజిలు, ఎర్రమట్టి, దారికోసం కాల్చిన వంద జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు. లారీలోకి ముందు కుండలు ఎక్కేవి, తర్వాత మూటలు, తర్వాత పిల్లలు, చివర పెద్దలు. ఊరి కుక్కలు లారీ వెంట పొలిమేర దాకా పరుగెత్తి, ఇక తమకు సెలవులన్నట్టు తిరిగొచ్చి ఆరునెలలు పడుకునేవి.

లారీ ఎక్కేముందు ప్రతి ఇల్లాలూ మా అవ్వ దగ్గరికి వచ్చి తాళంచెవి ఇచ్చేది. అది మా ఊరి ఆచారం. అవ్వకు అక్షరం ముక్క రాదు. అందుకని ఎవరి తాళంచెవికి వాళ్లు తమ చీర అంచు చింపి ఒక పీలిక కట్టి ఇవ్వాలి. ఎర్రంచు కుమ్మరోళ్లు, పసుపుపచ్చ గీతలు వాగొడ్డు ఇల్లు, చిలకల అంచు కొత్తకోడలు. అవ్వ ముట్టుకుని చెప్పేది. చీకటిగదిలో కూడా చెప్పగలదు.

"ఓ పెద్దవ్వా, కోడిగుడ్లు నువ్వే తిను, పుంజును మాత్రం ముట్టకు."

"నీ పుంజు నాకెందుకే? అది నాకంటే ముసలిది."

"జర ఇల్లు సూస్తుండు. ఎప్పుడూ ఈడనే ఉండేదానివి నువ్వేనాయె."

"పోయి రాండ్రి. మిరుగానికి రావాలె. రాకపోతే నీ శెవి బాయిల ఏస్త," అనేది అవ్వ. మిరుగమంటే మృగశిర కార్తె, తొలకరి. వానలు పడగానే ఎక్కడున్నా రావాలి. అదీ ఒప్పందం.

ముప్పై ఆరిళ్ల ఊళ్లో ముప్పై ఒక్క తాళంచెవులు మా దూలానికి వేలాడేవి. గాలి వీస్తే గుడి గంటలన్నీ ఒకేసారి మోగినట్టుండేది. నెలకోసారి వాటికి ఆముదం రాసేది అవ్వ. ముసలివాళ్లు, నడవలేనివాళ్లు, ఏడుగురు పిల్లలు, ఒక మేక. అదీ మిగిలిన ఊరు. మేక నాది. నేను ఎక్కడికి వెళితే అక్కడికి వచ్చేది. దాని జీవితానికి వేరే ఆశయం లేదు.

మా అమ్మానాన్న కూడా ఆ లారీలోనే వెళ్లేవాళ్లు. నన్ను మాత్రం అవ్వ దగ్గర వదిలారు, చదువుకుంటానని. నాన్న లారీ మీద నుంచి వేలు చూపించి చెప్పిన మాట ఒక్కటే: "బడి ఉన్నన్నినాళ్లు ఉండు బిడ్డా. బడి మూస్తే వచ్చే లారీ ఎక్కుడే. తట్ట మొయ్యనీకి నీకూ వయసొచ్చె."

నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మరి అంతటి చదువరిని, నేనేం చేసేదాన్నంటే, అవ్వ కునుకు తీసినప్పుడు ఒక్కో తాళంచెవీ తీసుకుని ఒక్కో ఇంట్లోకి దూరేదాన్ని. ప్రతి ఇంట్లో ఉట్టి మీద ఒక తొక్కు జాడి. ఒక్క వేలు, ఒక్క నాకుడు, మూత పెట్టెయ్యడం. ముప్పై ఒక్క ఇళ్ల మామిడికాయ తొక్కునూ కళ్లకు గంతలు కట్టినా చెప్పగలిగేదాన్ని. కుమ్మరోళ్లది ఆవాలు ఎక్కువ, కొత్తకోడలిది ఉప్పు మరిచిన తొక్కు. ఒకరోజు అవ్వ నా నాలుక బయటికి లాగి చూసింది. అది మంకెనపువ్వు లాగుంది.

"ఎన్నిండ్లు తిరిగినవే?"

"ఒక్కటే అవ్వా."

"వాసన పదిండ్లది వస్తున్నది గద."

శిక్షగా అన్ని ఇళ్లూ ఊడ్చి అలకమంది. ఆ ఏడు ముప్పై ఒక్క ఇళ్లను రెండుసార్లు అలికాను. నా చేతిగీతలు ఆ పేడలోనే పోయాయి. జోస్యాలు చెప్పేవాళ్లు ఇప్పటికీ నా చెయ్యి చూసి తల గోక్కుంటారు.

*

బడికి ఒకే ఒక సారు. గాలికి కొట్టుకుపోతాడేమోనని గొడుగు బరువుకు పట్టుకు తిరిగేంత సన్నటి మనిషి. హాజరు పట్టీలో ముప్పై ముగ్గురు. ఎదురుగా ఏడుగురు. కొట్టేస్తే బడి పోతుందని ఆయన ఏ పేరూ కొట్టెయ్యలేదు. రోజూ అన్ని పేర్లూ పిలిచేవాడు. పలకనివాళ్ల పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, చుక్క పెట్టి ముందుకు వెళ్లేవాడు.

ఆ నిశ్శబ్దం భరించలేక నేను పలకడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరిదీ ఒక్కో గొంతు. ముక్కుతో ఒకరు, నత్తితో ఒకరు. అన్నింటికన్నా బాగా వచ్చేది నా పక్కన కూర్చునే బొంగురుపోరిది. ఆ పిల్ల గొంతు చిన్నప్పుడే ఎందుకో బొంగురుపోయింది. "వచ్చిన సార్" అంటే బండి ఇరుసు కిర్రుమన్నట్టుండేది. మేమిద్దరం ఒకే పలక మీద చెరో వైపు రాసుకునేవాళ్లం. వాళ్లు లారీ ఎక్కి వెళ్లి అప్పటికే ఒక మిరుగం దాటిపోయింది. రాలేదు. వాళ్లమ్మ నల్లచీర పీలిక కట్టిన తాళంచెవి దూలానికి ఉండిపోయింది.

"మల్ల మిరుగానికి వస్తరు తియ్," అనేది అవ్వ. దానికీ ఆముదం రాసేది.

ఒకరోజు సారు గొడుగు కూడా మరిచిపోయి మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ఎల్లుండి తనిఖీ సారు వస్తున్నడు. ముప్పై మంది పిల్లలు లేకుంటే బడి మూసి వాగు అవతలి ఊళ్లె కలుపుతరంట."

మూడు కోసుల దూరం, మధ్యలో వాగు. మిగిలిన ఆడపిల్లల్ని ఎవరూ పంపరు. నాకు మాత్రం వాగు దాకా కూడా అక్కర్లేదు, లారీయే. నేను మేకను కరుచుకుని ఏడ్చాను. మేక నా జడ తినడం మొదలుపెట్టింది. అది దానికి తెలిసిన ఓదార్పు.

అవ్వ మాత్రం దూలం వంక చూసింది.

"సారూ, తాళం ఏసిన ఇండ్లు సూస్తే ఊరు లేదనుకుంటడు. పొయ్యి మీద పొగ సూస్తే?"

"అవ్వా, అది అబద్ధమాడినట్టు గాదా?"

"పొయ్యి ముట్టిస్తే అబద్ధమెట్లయితది? పొయ్యి వాళ్లదే, ఇల్లు వాళ్లదే. నేను ముట్టిస్తున్న, గంతే."

తనిఖీ రోజు పొద్దున నలుగురు ముసలమ్మలు, ఏడుగురు పిల్లలం ముప్పై ఒక్క తాళాలు తీశాం. ప్రతి పొయ్యిలో పిడకలు పెట్టి, పొగ బాగా రావాలని పచ్చి వేపమండలు వేశాం. మా మట్టి మిద్దెలకు పొగ పోయేందుకు పైన గవాచి అని ఒక కంత ఉంటుంది. ముప్పై ఆరు గవాచుల్లోంచి ఒకేసారి పొగ లేచింది. ఎంత పొగంటే, పక్క ఊరివాళ్లు మా ఊరు తగలబడిందనుకుని బిందెలతో బయల్దేరారు. ఎండాకాలంలో దోమలన్నీ కట్టగట్టుకుని కర్ణాటక వెళ్లిపోయాయి.

తనిఖీ సారు మోటారు సైకిలు మీద దగ్గుకుంటూ వచ్చాడు. లావుపాటి మనిషి, కళ్లజోడు. "ఏందయ్యా, ఇంత పొగ?" అన్నాడు.

"పండుగ సార్," అన్నాడు మా సారు.

"ఏం పండుగ?"

మా సారు జీవితంలో మొదటి అబద్ధం అక్కడికే అయిపోయింది. రెండోది రాలేదు.

తనిఖీ సారు ఇల్లిల్లూ చూస్తానన్నాడు. మేం ఏడుగురం గోడలు దూకుతూ ముందు ఇళ్లకు పరుగెత్తాం. మొదటి ఇంట్లో తలుపు తీసింది నేనే, రెండు జడలతో. మూడో ఇంట్లో ఒక్క జడతో. అయిదో ఇంట్లో అవ్వ చీర ముసుగేసుకుని, ముక్కుతో మాట్లాడుతూ. ఎనిమిదో ఇంట్లో బాలింతలా మంచంలో మూలుగుతూ. ఇంత నటన ఏ నాటక సమాజంలోనూ ఎవరూ చూసి ఉండరు. గడప మీద తనిఖీ సారు వంగి చూశాడు. నన్ను కాదు. వెంట వస్తున్న మా అవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, ఈ మేక ఎన్నిండ్లది?"

నా వెనకాలే ప్రతి ఇంటికీ వచ్చి, ప్రతి గడపలోనూ నిలబడి ఆయన్ను పలకరించింది మా మేక. జన్మలో దానికి ఉప్పు పెట్టనని అక్కడే ఒట్టేసుకున్నాను.

*

మా అరుగు మీద ఆయన కూర్చున్నాడు. కోపంగా లేడు, అలిసిపోయినట్టున్నాడు. మా సారు తలవంచుకుని నిలబడ్డాడు. అవ్వ లోపలికి వెళ్లి తాళంచెవులన్నీ తెచ్చి ఆయన ముందు అరుగు మీద పరిచింది.

"పొగ అబద్ధం సారూ. ఇవి అబద్ధం గాదు. రాసుకో."

ఒక్కో పీలికా తడుముతూ చెప్పుకుపోయింది. "ఇది కుమ్మరోళ్లది. అయిదుగురు. బడికొచ్చేది ఇద్దరు, పెద్దోడు రెండు, చిన్నోడు ఒకటి. ఇది వాగొడ్డుది. నలుగురుండె, మొన్న కట్టకాడ ఇంకో బిడ్డ పుట్టిందంట, అయిదుగురు రాసుకో..."

తనిఖీ సారు ఒళ్లో హాజరు పట్టీ పెట్టుకుని ఒక్కో పేరు మీదా వేలు జరుపుతున్నాడు. అక్షరం రాని మనిషి చెప్పింది పట్టీతో ఒక్క చోట కూడా తేడా రాలేదు. కొత్తగా పుట్టిన పిల్లలు మాత్రం అవ్వ దగ్గరే ఎక్కువున్నారు.

"అందరూ తిరిగొస్తరా అవ్వా?"

"ఇల్లు వదులుకునేటోళ్లు శెవి ఎందుకిస్తరు సారూ? పారేసి పోతరు. శెవి ఈడ ఉన్నదంటే మనిషి ఈడ ఉన్నట్టే లెక్క."

ఆయన నల్లపీలిక దగ్గర ఆగాడు. అవ్వ దాని పేరు చెప్పలేదు మరి.

"ఇది?"

"అది... పోయిన మిరుగానికి రాలే. ఈ మిరుగానికి వస్తరు."

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. పొగ వల్లనే అయ్యుంటుంది. లేచి మా సారుతో, "బడి తెరిచినంక మల్లొస్త. అప్పుడు శెవులు గాదు, పిల్లల్ని సూపియ్యాలె. ముప్పై మంది. ఒక్కరు తక్కువైనా నా చేతుల లేదు," అన్నాడు.

*

ఆ ఏడు తొలకరి సరిగ్గా పడింది. లారీలు వచ్చాయి. ఒక్కొక్కరూ దిగి, దుమ్ము కూడా దులుపుకోకుండా మా దూలం కిందికి వచ్చి తాళంచెవి తీసుకెళుతుంటే నేను పట్టీ పట్టుకుని గుమ్మంలో కూర్చుని పిల్లల్ని లెక్కపెట్టాను. ముగ్గురు పెద్దపిల్లలు కట్టపని దగ్గరే ఉండిపోయారు. దూలం ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి ఇరవై తొమ్మిదిమంది తేలారు. దూలానికి ఒక్క తాళంచెవి మిగిలింది.

అమ్మానాన్న కూడా వచ్చారు. నాన్న నాకోసం చిన్న తట్ట ఒకటి కొని తెచ్చాడు, నా తలకు సరిపోయేది. గోడవార పెట్టాడు.

తనిఖీ సారు మాట తప్పకుండా వచ్చాడు. ఇరవై తొమ్మిదిమందిమి బారుగా కూర్చున్నాం, బయట మేక. మా సారు పట్టీ తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఆయన పక్కనే తనిఖీ సారు, వంచిన తల ఎత్తకుండా, ప్రతి జవాబుకూ తన కాగితం మీద ఒక గీత గీస్తున్నాడు. కట్టపని దగ్గర ఉండిపోయిన ముగ్గురి పేర్లు వచ్చాయి. నిశ్శబ్దం. గీతలు పడలేదు.  తర్వాత నా స్నేహితురాలి పేరు వచ్చింది.

ఆలోచించి చేశానని చెప్పుకుంటే అది కోత. ఏడాదిన్నరగా ఆ పేరు వినగానే నా గొంతు దానంతటదే తిరిగేది.

"వచ్చిన సార్."

బండి ఇరుసు కిర్రుమంది. ఇరవై ఎనిమిది తలలు నా వైపు తిరిగాయి. మా సారు కలం జారి కింద పడింది. బయట మేక అరిచింది. తనిఖీ సారు తల ఎత్తలేదు.  తర్వాత కాగితం మీద కలం కదిలిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. గీత పడింది.

మొత్తం కూడి, ముప్పై అని రాసి, సంతకం చేసి బయటికొచ్చి మోటారు సైకిలెక్కాడు. మేక ఆయన కాలు వాసన చూస్తుంటే నా వైపు చూసి, "ఇది కూడా ఆ బొంగురు పిల్లదేనా?" అని అడిగాడు. నేను తల ఊపాను. "మంచిగ చూసుకో," అని వెళ్లిపోయాడు.

ఆ తట్టలో అవ్వ కోడిని పొదగేసింది.

*

నేను వాగు దాటాను, పట్నం దాటాను, చదివిన చదువు రెక్కలై ఇక్కడ దింపింది. అందరూ నా కష్టం అంటారు. నిజానికి రాని ఒక పిల్ల హాజరు మీద చదువుకున్నదాన్ని నేను. ఆ పిల్ల ఏ కట్ట కింద మట్టి మోసిందో, ఏ ఊళ్లో ఉండిపోయిందో తెలియదు. చాలామందిని అడిగాను. పాలమూరు గుంపులు వెళ్లని చోటు లేదు కనుక ఎక్కడని వెతకడం?

ఇప్పుడు మా ఊరికి కాలువ వచ్చింది. రాళ్లు పండే నేలలో వరి పండుతోంది. మా ఊరి లారీ ఆగిపోయి, నాట్లు వెయ్యడానికి బీహారు నుంచి మనుషులు వస్తున్నారు. పోయినసారి వెళితే కుమ్మరోళ్ల పాత ఇంట్లో వాళ్లే కాపురముంటున్నారు. గవాచిలోంచి ఆవనూనె వాసన. బొంగురుపోరి ఇల్లు మాత్రం పడిపోయి గడప రాయి మిగిలింది. అవ్వ పోయినప్పుడు ఇల్లంతా పంచుకున్నారు. నేను దూలం మీది ఆ ఒక్క తాళంచెవి అడిగాను. ఎవరూ పోటీకి రాలేదు. ఇక్కడ ఆముదం దొరక్క కొబ్బరినూనె రాస్తున్నాను. అవ్వ ఒప్పుకునేది కాదు.

నిన్న పక్కింటి పెద్దావిడ ఆస్ట్రేలియా ప్రయాణం. టాక్సీ దాకా పెట్టె తోసుకెళ్లాను. ఎక్కబోతూ ఆగి, ఇమ్మర్షన్ గురించి మూడుసార్లు అడిగింది. ఆ తర్వాత అంది:

"ఆ రోజు నువ్వు చెప్పనే లేదు. నీ స్నేహితురాలు తాళంచెవి కోసం ఎప్పుడొస్తుంది?"

"వానలు పడగానే వస్తుంది," అన్నాను.

పెద్దావిడ పోర్ట్‌లీష్ ఆకాశం వంక చూసింది. చేత్తో కళ్లజోడు మీది చినుకులు తుడుచుకుంది.

"అయితే ఇంకెంతసేపమ్మా," అంది.